ఎండలో చెరిగిపోయిన విమానాలు

1992 వేసవి. తెనాలిలో మా మామయ్య టీవీ రిపేరు షాపులో పనికి కుదిరి నాకు రెండో ఏడు. స్టేషన్ రోడ్డు పక్క సందులో వీడియో గేముల షాపు నడిపే ఒకాయన ఒక బోర్డును గోనెసంచిలో చుట్టి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. 'ఆడుతూ ఆడుతూ ఆగిపోతోందండీ, కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తోంది' అన్నాడు. బోర్డు నిండా వేలెడు దుమ్ము, మూలన బల్లి గుడ్లు. అది '1942' ఆట బోర్డు. మా ఊళ్లో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, అందరికీ అది 'విమానం గేము'.

మామయ్య మీటరు పెట్టి చూశాడు. ఐదు వోల్టులు ఉండాల్సిన చోట నాలుగున్నర ఉంది. పవర్ సప్లైలో ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాడు. 'ఒరేయ్, దీన్ని కడిగి ఆరబెట్టు, నేను వచ్చాక బిగిద్దాం' అని నాకు చెప్పి పెళ్లి పనుల మీద ఊరెళ్లాడు. నేను సర్ఫు నీళ్లలో పాత పెయింటు బ్రష్షు ముంచి శ్రద్ధగా తోమాను. కొన్ని చిప్పుల మీద కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నీళ్లకు నాని సగం ఊడాయి. అవీ మురికే అనుకుని గోటితో గీకి మొత్తం తీసేశాను. ఒక్కో కాగితం కింద గుండ్రటి గాజు కిటికీ బయటపడింది. అందులోంచి చూస్తే గోరులో పావు వంతు సిలికాన్ ముక్క, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని తీగలు. ఎంతో ముచ్చటేసింది. బోర్డును మేడ మీద పిట్టగోడకి ఆనించి పెట్టాను. మామయ్య తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. మే నెల ఎండ ఆ పది రోజులూ నేరుగా ఆ కిటికీల మీద పడింది.

ఆయన వచ్చి వైర్లు కలిపి స్విచ్ వేశాడు. సముద్రం వచ్చింది. స్కోరు అంకెలు వచ్చాయి. విమానాలు ఉండాల్సిన చోట మాత్రం పుట్ట పగిలి చీమలు చెదిరినట్టు చుక్కలు. మామయ్య బోర్డు వైపు చూసి, 'కాగితాలేవిరా?' అని అడిగాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. 'అవి అందానికి అంటించినవి కాదురా, వెలుతురు లోపలికి పోకుండా అంటించినవి' అన్నాడు చివరికి.

ఆ చిప్పుల పేరు ఈప్రామ్. రాసింది చెరపాలంటే ఆ కిటికీ గుండా అతినీల లోహిత కిరణాలు పంపుతారు. దానికని చేసిన దీపం కింద ఇరవై నిమిషాలు చాలు. నేరుగా ఎండలో పెడితే వారం రోజులు. ఆ సంగతి చిప్పు తయారీవాళ్ల పుస్తకంలోనే రాసి ఉంటుంది. విమానాల బొమ్మలున్న చిప్పుల్లో రాతను నేను పది రోజుల్లో తుడిచేశాను. మామయ్య విజయవాడలో అడిగాడు, మద్రాసుకి ఫోను చేయించాడు. ఆ చిప్పుల్లోని రాత ఎవరి దగ్గరా దొరకలేదు. షాపాయనకి నష్టం తనే కట్టాడు, నా జీతంలో ఒక్క రూపాయి కోయలేదు. అందుకే ఆ ఆట ఎవరు చేశారో, అందులో ఏముండేదో తెలుసుకోవడం నాకు బాకీలా మిగిలింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ బాకీ తీర్చుకుంటూనే ఉన్నాను.

విమానమో వ్యోమనౌకో నడుపుతూ, ఎదురొచ్చేదాన్నల్లా కాల్చుకుంటూ పోయే ఆటల్ని ప్రపంచమంతా 'షూట్ ఎమ్ అప్' అంటుంది. జపాన్‌లో 'షూటింగ్ గేమ్' అనే మాటకి అర్థం ఇదే. 1962లో అమెరికాలో ఎమ్.ఐ.టి.లో కొందరు పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' రాసుకుని ఆడారు. అయితే ఈ ఆటల వంశానికి మూలపురుషుడు ఎవరంటే నేను టైటో కంపెనీ ఇంజనీరు టొమోహిరో నిషికాడో పేరే చెబుతాను. 1978లో 'స్పేస్ ఇన్వేడర్స్' ఆయన చేతిలో పుట్టింది. బొమ్మలు, ప్రోగ్రాం, సర్క్యూట్ ఒక్కడే చేశాడు. ప్రోగ్రాం రాయడానికి కావలసిన పనిముట్టు కూడా తనే కట్టుకున్నాడు. ముందు విమానాలు, ట్యాంకులు పెట్టి చూశాడు, కదలిక సాఫీగా రాలేదు. మనుషుల్ని కాల్చే ఆట వద్దని కంపెనీ అంది. దాంతో ఆక్టోపస్, పీత, స్క్విడ్ ఆకారాల్లో గ్రహాంతరవాసుల్ని గీశాడు.

ఆ ఆట లోపల ఒక సంగతి ఉంది. దాన్ని మెకానిక్‌గా నేను ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. తెర మీద వరసకి పదకొండు చొప్పున ఐదు వరసల్లో 55 మంది శత్రువులుంటారు. లోపలున్నది రెండు మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8080 ప్రాసెసర్. తెర మీది ప్రతి చుక్కనీ అదే గీయాలి. అందరినీ ఒకేసారి జరపడం దాని వల్ల కాదు. అందుకని తెర మారిన ప్రతిసారీ, అంటే సెకనులో అరవయ్యో వంతుకి, ఒక్కణ్ణి మాత్రం జరుపుతుంది. 55 మంది ఉన్నప్పుడు దండు మొత్తం ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. పది మంది మిగిలితే సెకనుకి ఆరడుగులు. ఒక్కడే మిగిలితే వాడు సెకనుకి అరవై అడుగులు వేస్తూ పరిగెడతాడు. కాల్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకోవడం ఎవరూ కావాలని పెట్టింది కాదు, యంత్రం బలహీనత వల్ల వచ్చింది. నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచాడు. గుండె కొట్టుకున్నట్టు వినిపించే నాలుగు స్వరాలు కూడా దాంతోపాటే జోరందుకుంటాయి. ఆటగాడికి చెమట పట్టేది అక్కడే. ఆ బలహీనత తీసేస్తే ఆట ఉండదు. పాత యంత్రం పనిచేసే తీరును కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రాంతో అనుకరించడాన్ని ఎమ్యులేషన్ అంటారు. దాని గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మరుసటి ఏడు నామ్‌కో 'గెలాక్సియన్' తెచ్చింది. రంగులొచ్చాయి, శత్రువులు వరస వదిలి మీదికి దూకడం నేర్చారు. 1981లో అదే కంపెనీ 'గెలాగా'. అందులో శత్రు నాయకుడు నీలిరంగు కిరణం దించి మన విమానాన్ని ఎత్తుకుపోతాడు. చేతిలో ఇంకో ప్రాణం ఉంటే, వాడు మళ్లీ దిగినప్పుడు గురిచూసి కొట్టి మన విమానాన్ని విడిపించుకోవచ్చు. అప్పుడు రెండూ జంటగా ఎగురుతాయి. గుండ్లు రెట్టింపు, దెబ్బ తగిలే చోటూ రెట్టింపు. బలం కావాలంటే ముందు ఒక ప్రాణాన్ని పణంగా పెట్టాలి. ఇంత చిన్న నియమంతో ఇంత పెద్ద సందిగ్ధం కల్పించిన ఆట నేను మరొకటి చూడలేదు. ఆ బోర్డు మీద జడ్-80 ప్రాసెసర్లు మూడుంటాయి. ఆ మూడింటి సంగతి మళ్లీ వస్తుంది.

నేను చెరిపేసిన '1942' క్యాప్‌కామ్ కంపెనీది, 1984లో వచ్చింది. చేసినవాడు యోషికి ఒకమోటో. జపాన్ కంపెనీ చేసిన ఆటలో మనం నడిపేది అమెరికా వాళ్ల పి-38 విమానం, కూల్చేది జపాన్ విమానాల్ని. ఊళ్లో మాకెవరికీ ఆ సంగతి తెలియదు. మాకు తెలిసినవి రెండే. ఎర్ర విమానాల గుంపును ఒక్కటీ వదలకుండా కూలిస్తే బలం వస్తుంది. చుట్టూ కమ్ముకున్నప్పుడు రెండో బటన్ నొక్కితే విమానం పల్టీ కొట్టి గుండ్ల పైనుంచి పోతుంది. ఆ పల్టీలకు లెక్కుంది. ఇరుకున పడ్డప్పుడు వాడాలా, ముందుకి దాచుకోవాలా అని తేల్చుకునేలోపు రూపాయి అయిపోయేది. స్టేజీలు 32. సంఖ్య పెరగదు, 32 నుంచి దిగుతూ వస్తుంది. మా ఊళ్లో దాన్ని ఒకట్లోకి దించినవాడు ఒక సోడాకొట్టు కుర్రాడు. వాడు ఆడుతుంటే వెనక నిలబడ్డవాళ్లు తమ వంతు వచ్చినా అడిగేవాళ్లు కాదు.

ఈలోగా ఇళ్లలోకి టీవీ గేములు వచ్చాయి. నింటెండో 1983 జూలైలో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఫామికామ్‌కి నకళ్లవి. మా షాపుకి వచ్చిన సెట్లు విప్పితే లోపల పేరున్న చిప్పు ఉండేది కాదు, నల్ల లక్క బొట్టులా ఒక ముద్ద ఉండేది. దాని కిందే అంతా. యాంటెన్నా వైరు పీకి దీని వైరు పెట్టి, బొమ్మ కుదిరేదాకా చానెల్ తిప్పాలి. ఆటల పెట్టెని మేము క్యాసెట్ అనేవాళ్లం. దాని మీద తొంభైతొమ్మిది లక్షల ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల నిజంగా ఉన్నవి పదో ఇరవయ్యో. వాటినే వేరే స్టేజీ నుంచి, వేరే పేరుతో మళ్లీ మళ్లీ చూపించేవాళ్లు. గెలాక్సియన్, 1942, స్టార్ ఫోర్స్, ఎక్సీరియన్, ట్విన్‌బీ మా ఊరి పిల్లలకు చేరింది ఆ క్యాసెట్ల ద్వారానే. దసరా సెలవుల్లో అద్దెకిచ్చే సెట్లకి పేరు రాయించుకుని వారం ముందు నుంచి ఎదురుచూసేవాళ్లు.

ఆ రోజుల్లో టీవీ బాగుచేయమని వచ్చేవాళ్లలో కొందరిది చిత్రమైన ఫిర్యాదు. 'విమానాలు ఎక్కువైతే బొమ్మ మిణుకుమిణుకుమంటోంది, ట్యూబు పోయిందా?' అని అడిగేవాళ్లు. ట్యూబు బాగానే ఉండేది. ఫామికామ్ చిప్పు తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మల్ని చూపలేదు. తొమ్మిదోది ఆ గీతలో మాయమవుతుంది. అది శత్రువు పేల్చిన గుండైతే కనబడకుండానే మన ప్రాణం తీస్తుంది. అందుకని ప్రోగ్రాం రాసేవాళ్లు బొమ్మల వరసను ప్రతిసారీ మార్చేవాళ్లు. ఈసారి ఇది మాయమైతే వచ్చేసారి అది. సెకనుకి యాభై అరవై సార్లు తెర మారుతుంది కాబట్టి కంటికి అన్నీ ఉన్నట్టే, కాస్త మిణుకుతున్నట్టు కనిపిస్తాయి. ఆటగాడికి అన్యాయం జరగకూడదని చేసిన ఏర్పాటది. వాళ్లకి ఈ మాట చెబితే నమ్మని వాళ్లూ ఉన్నారు, వేరే మెకానిక్ దగ్గరికి పోయినవాళ్లూ ఉన్నారు.

1985లో కొనామి 'గ్రేడియస్' తెచ్చింది. అందులో శత్రువు వదిలిన గుళికను తీసుకోగానే బలం మనకు అంటుకోదు. తెర అడుగున వేగం, క్షిపణి, జంట గుండు, లేజరు అంటూ ఒక పట్టీ ఉంటుంది. ఒక్కో గుళికకి వెలుగు ఒక్కో గడి జరుగుతుంది. ఎక్కడ ఆగాలో మనమే తేల్చుకోవాలి. ఆ ఆటను ఫామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోటోకి దాన్ని పరీక్షించడమే కష్టమైంది. తన పని తేలిక కోసం బటన్ల వరసతో ఒక కిటుకు పెట్టుకున్నాడు. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. 1986లో అది ఆటతోపాటే బయటికొచ్చింది. తర్వాత 'కాంట్రా' అనే ఆటలోకి వెళ్లి ముప్పై ప్రాణాలిచ్చే మంత్రమైంది. మా వీధిలో ఇంగ్లిషు అక్షరాలు సరిగా రాని పిల్లలు కూడా ఎక్కం అప్పజెప్పినట్టు దాన్ని చెప్పేవాళ్లు.

తొంభైల చివరికి గేము షాపులు మూతపడ్డాయి. కేబుల్ టీవీ వచ్చింది, ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. గేము షాపుల్లోని పెట్టెల చెక్కను పాత సామాన్లవాడికి, బోర్డును తూకానికి అమ్మేవాళ్లు. కిలోల లెక్కన పోయిన బోర్డుల్ని నేను కళ్లారా చూశాను. కొన్ని బోర్డులకి ఆ శ్రమ కూడా అక్కర్లేదు, వాటంతట అవే చచ్చిపోతాయి. 1993 నుంచి క్యాప్‌కామ్ వాడిన సీపీఎస్-2 బోర్డుల్లో, నకళ్లు రాకుండా ప్రోగ్రాంకి తాళం వేశారు. తాళంచెవి ఒక చిన్న బ్యాటరీ ఆధారంతో నిలిచే జ్ఞాపకంలో ఉంటుంది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోతుంది, ఇక ఆ బోర్డు పలకదు. '19ఎక్స్‌ఎక్స్', 'ప్రొగియర్' లాంటి గొప్ప విమానాల ఆటలు వాటి మీదే ఉన్నాయి. నేను తెలియక ఎండలో చేసిన పనిని అక్కడ బ్యాటరీ లోపలి నుంచే చేస్తుంది.

2000లో గుంటూరులో ఒక నెట్ సెంటర్‌లో, పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి తెర మీద గెలాక్సియన్ కనబడింది. క్యాసెట్ లేదు, నల్ల ముద్ద లేదు. అడిగితే 'నెస్టికల్' అన్నాడు. ఐసర్ ఆడిస్ అనే ప్రోగ్రామరు రాసి 1997 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఫామికామ్ ఎమ్యులేటర్ అది. గేము షాపు బోర్డులకి కూడా ఇలాంటిది ఉందా అన్నాను. 'మేమ్' అన్నాడు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా దాని మొదటి కూర్పును 1997 ఫిబ్రవరి 5న ఇచ్చాడు. ప్యాక్‌మ్యాన్ లాంటి కొద్ది ఆటలతో మొదలై వేలకి పెరిగింది. ఇవాళ్టికీ అది రాస్తున్నవాళ్లు చెప్పేదేమిటంటే, పాత యంత్రం ఎలా పనిచేసిందో నమోదు చేయడమే తమ పని, ఆడుకోగలగడం దానివల్ల కలిగే అదనపు లాభమని.

ఎమ్యులేటర్ అంటే ఏమిటని నన్నడిగే పిల్లలకి నేను 'దాన వీర శూర కర్ణ' చూపించి చెబుతాను. 1977లో వచ్చిన ఆ సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఎన్టీఆరే. ఒకే తెర మీద కృష్ణుడు, దుర్యోధనుడు ఎదురెదురుగా నిలబడతారు, తెర వెనక ఉన్నది ఒక్క మనిషి. గెలాగాలోని మూడు జడ్-80ల వేషమూ మన కంప్యూటర్‌లోని ఒకే ప్రాసెసర్ వేస్తుంది. మొదటిది కాసేపు, రెండోది కాసేపు, మూడోది కాసేపు, సెకనులో వేల సార్లు వేషం మారుస్తుంది. పాత చిప్పులోంచి చదివిన రాతను ఒక్కో ఆదేశంగా తీసుకుని, అసలు చిప్పు అప్పుడేం చేసేదో అదే చేస్తుంది. వేషం మార్చడంలో క్షణం తేడా వచ్చినా ఒక పాత్ర డైలాగు ఇంకో పాత్ర మీద పడుతుంది, ఆట చెడుతుంది. నటుడి పనంతా కాలం పాటించడమే.

ఇంట్లో కంప్యూటర్ కొన్నాక నేను మొదట పెట్టింది '1942'. సముద్రం వచ్చింది, అంకెలు వచ్చాయి, ఆ తర్వాత విమానాలు వచ్చాయి. ఒక్క చుక్క కూడా చెదరలేదు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో ఒకరు కాగితం ఊడదీయని బోర్డులోంచి ఆ చిప్పుల్ని జాగ్రత్తగా చదివి దాచారు. మామయ్యను పిలిచి చూపించాను. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. 'పోన్లేరా, ఎక్కడో బతికుంది' అన్నాడు.

నాకు ఇంకో పరీక్ష చేయాలనిపించింది. గెలాగాలో ఒక పాత లోపం ఉంది. మొదటి స్టేజీలో ఎడమ వైపు అడుగున ఉండే రెండు తేనెటీగ ఆకారపు శత్రువుల్ని వదిలేసి మిగతా అందరినీ కూల్చి, ఆ రెండింటి గుండ్ల నుంచి పావుగంట తప్పించుకుంటూ ఉంటే, అవి కాల్చడం మానేస్తాయి. అప్పుడు వాటిని కూల్చితే, ఆ ఆట అయిపోయేదాకా శత్రువు ఎవ్వరూ ఒక్క గుండు పేల్చరు. పేల్చిన గుండ్ల లెక్క ఉంచే పట్టికలో గళ్లు ఖాళీ కాకుండా నిండిపోవడం వల్ల అలా అవుతుంది. నేను గోడ గడియారం చూసుకుంటూ మేమ్‌లో ఆడాను. పావుగంటకి రెండూ నోరు మూసుకున్నాయి. ఆ లోపాన్ని మేమ్‌లో ఎవరూ పనిగట్టుకుని రాయలేదు. యంత్రాన్ని ఉన్నదున్నట్టు కట్టారు కాబట్టి లోపం దానంతటదే వచ్చింది. ఆ రోజు నుంచి నాకు వాళ్ల మీద పూర్తి నమ్మకం.

ఫామికామ్ ఆటల దగ్గర మాత్రం చాలా రోజులు ఏదో తేడాగా ఉండేది. గ్రేడియస్ నా చేతికి ఆగేది కాదు, పాట కూడా తరుముతున్నట్టు వినిపించేది. వయసు మీదపడింది అనుకున్నాను. తర్వాత అర్థమైంది. జపాన్ టీవీ బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది. మన పాల్ పద్ధతి టీవీలో 50 సార్లే. మనకు వచ్చిన నకలు సెట్లను మన టీవీలకు తగ్గట్టు యాభైకి కుదించారు. ఆటలన్నీ తెర మారడాన్నే గడియారంగా వాడుకుంటాయి కాబట్టి అంతా ఆరింట ఒక వంతు నెమ్మదించింది. స్వరాల శ్రుతి దాదాపు అలాగే ఉండి, తాళం సాగింది. జపాన్ పిల్లల కంటే మేము నెమ్మది ఆట ఆడుతూ పెరిగామన్నమాట. ఇప్పటి ఎమ్యులేటర్లలో అలాంటి సెట్ల కోసం 'డెండీ' అని ఒక అమరిక ఉంది. రష్యాలో అమ్మిన నకలు పేరది. అది పెట్టుకుంటే మా తెనాలి గ్రేడియస్ తిరిగొచ్చింది. రెండూ ఉండాలని నా అభిప్రాయం. ఎనిమిది బొమ్మల పరిమితిని తీసేసే అమరిక కూడా ఉంటుంది. దాన్ని నేను ముట్టను. మిణుకు లేని గ్రేడియస్ నాకు కడిగి కాగితాలు ఊడదీసిన బోర్డులా కనబడుతుంది.

మా ఊరికి ఎప్పుడూ రాని ఆటలు కూడా ఎమ్యులేషన్ వల్లే చూశాను. కెరల్ షా 1982లో యాక్టివిజన్ కోసం రాసిన 'రివర్ రైడ్' వాటిలో ఒకటి. అది నడిచే అటారీ 2600 గేము యంత్రానికి ఉన్న జ్ఞాపకం 128 బైట్లు. మీరు చదువుతున్న ఈ వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో కంప్యూటర్‌లో దాచాలన్నా అంతకంటే ఎక్కువ కావాలి. ఆట మొత్తం నాలుగు కిలోబైట్ల క్యాసెట్‌లో పట్టాలి, నదేమో మైళ్ల కొద్దీ సాగాలి. ఆమె నది పటాన్ని దాచనే లేదు. ఒక అంకెతో మొదలుపెట్టి, దాన్నుంచి తర్వాతి అంకె పుట్టే సూత్రం రాసింది. ఆ అంకెలే ఒడ్డు వంపులు, దీవులు, ఇంధనం డిపోలు అవుతాయి. మొదటి అంకె మారదు కాబట్టి నది ఎప్పుడు ఆడినా అదే నది. ఈ ఆటల చరిత్ర రాసేవాళ్లు జపాన్ మగవాళ్ల పేర్లతో సరిపెట్టకుండా ఈమెకు ముందు వరసలో కుర్చీ వేయాలి.

ఇంకొకటి మన మాట పేరున్న ఆట. టోక్యోలో టోప్లాన్ అనే కంపెనీ ఉండేది. 1991లో వాళ్లు తెచ్చిన ఆట పేరు 'విమాన'. మన విమానమే, సంస్కృతంలోంచి తీసుకున్నారు. మా ఊరి జనం ఈ ఆటలన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరును ఒక జపాన్ కంపెనీ తెర మీద రాసి చూపించింది. మేమ్‌లో ఆ పేరు చూసి ఉత్సాహంగా తెరిస్తే, బొమ్మ ఉంది, శబ్దం లేదు. పాట ప్రోగ్రాం ఒక చిప్పు కడుపులో దాగి ఉంది, బయటి నుంచి చదవడానికి దారి ఇవ్వని రకం అది. ఏళ్ల తరబడి ఆ విమానం మూగగానే ఎగిరింది. తర్వాత ఆ చిప్పులోని రాతను బయటికి తెచ్చారు, ఆటకి గొంతు వచ్చింది. ఇలాంటి మొండి చిప్పుల్లో కొన్నిటిని ఆసిడ్‌తో పైపొర కరిగించి, సిలికాన్‌ని సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసి, ఒక్కో చుక్కను చదువుతారు. సీపీఎస్-2 తాళం గుట్టు కూడా 2007లో పూర్తిగా విప్పారు. ఆ పనిలో నికోలా సాల్మోరియా చెయ్యి ఉంది. బ్యాటరీ చచ్చిన బోర్డులకు మళ్లీ ప్రాణం పోయడానికి అది దారి చూపింది. ఇక టోప్లాన్ కంపెనీ 1994లో మూతపడింది. అంతకు ముందు ఏడు వచ్చిన వాళ్ల 'బాట్సుగన్'తోనే, తెర నిండా గుండ్లు వాన కురిసినట్టు కురిసే పద్ధతి మొదలైందంటారు. అక్కడివాళ్లు కొందరు కేవ్ కంపెనీగా ఏర్పడి 'డోన్‌పాచి', 'డోడోన్‌పాచి' చేశారు. అవి గొప్పవే. నా మనసు మాత్రం ఒక్కో గుండుకీ లెక్కున్న పాత ఆటల దగ్గరే ఆగిపోయింది.

ఇదంతా దొంగతనం కాదా అని మా అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదు. సోనీ, కనెక్టిక్స్ కంపెనీల వ్యాజ్యంలో 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు, ఎమ్యులేటర్ రాయడం కోసం యంత్రం లోపలి ప్రోగ్రాంని పరిశీలించడం న్యాయమేనని చెప్పింది. చిప్పులోని రాత మాత్రం కంపెనీలదే. అందుకే అమ్ముతున్న ఆటల్ని నేను కొనుక్కుంటాను. 2021లో వచ్చిన క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియంలో '1942' ఉంది, 'ప్రొగియర్' ఉంది. హ్యామ్‌స్టర్ కంపెనీ 2014 నుంచి పాత ఆటల్ని ఒక్కొక్కటిగా తెస్తోంది. అలా అమ్ముతున్నవి కూడా లోపల నడిచేది ఎమ్యులేషన్ మీదే. అయితే అమ్మకానికి లేనివాటి మాటేమిటి? 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకడం లేదని తేలింది. వాటిని నిలిపింది కంపెనీలు కాదు, జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చిప్పులు చదివినవాళ్లు. ఈ విషయంలో నేను వాళ్ల పక్షం.

ఇప్పుడు మా షాపులో ఒక 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీని పక్కకి పడుకోబెట్టి ఉంచాను. '1942', గెలాగా నిలువు తెర ఆటలు, అడ్డంగా చూస్తే సగం తెర వృథా. ట్యూబు టీవీని అలా పక్కకి తిప్పితే భూమి అయస్కాంత శక్తికి రంగులు చెదురుతాయి, మూలల్లో ఊదా మరకలు పడతాయి. డీగాసింగ్ కాయిల్‌ని తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి తీసుకొస్తే మరకలు పోతాయి. కొత్త ఎల్ఈడీ తెరల మీద బటన్ నొక్కడానికీ విమానం కదలడానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది, గుండుకి వెంట్రుకవాసిలో తప్పుకునే ఆటల్లో ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. ట్యూబు మీద ఆ బాధ లేదు. పక్కనే ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, సైకిల్ షాపు నుంచి తెచ్చిన స్టీలు బంతి తొడిగిన జాయ్‌స్టిక్. సాయంత్రం షట్టరు సగం దించాక ఒక ఆట వేస్తాను. ఆటను మధ్యలో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే వీలు ఎమ్యులేటర్లో ఉంది, కష్టమైన స్టేజీ సాధన చేయడానికి అది వాడతాను. స్కోరు లెక్కపెట్టే ఆటలో వాడను. '1942'లో ఇప్పటికి ఏడో సంఖ్యదాకా దిగాను.

బల్ల మీద ఇంకో వస్తువుంది, ఈప్రామ్ చదివే చిన్న యంత్రం. తెనాలి, గుంటూరు, విజయవాడ, ఇంకెక్కడైనా సరే, మీ ఇంటి అటక మీద, మూసేసిన షాపు గోడౌన్లో పాత గేము బోర్డు ఉంటే తూకానికి వేయకండి. పనిచేస్తుందో లేదో చూద్దామని కరెంటు పెట్టకండి, ముందు తెలిసినవాళ్లకి చూపించండి. నకలు బోర్డు అయినా పర్వాలేదు, నకళ్లలో కూడా ఎక్కడా లేని కూర్పులు దొరుకుతుంటాయి. నీళ్లతో కడగకండి, పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. చిప్పుల మీద కాగితాలు అంటించి ఉంటే వాటిని ఊడదీయకండి. ఊడి ఉంటే, ఈ రోజే నల్ల టేపు ముక్క అంటించండి.